డాబా మీద అక్కాచెల్లెళ్లు

మొన్న జగ్గయ్యపేట నుంచి ఫోను వచ్చింది. మా పాత వీధిలో ఎదురింట్లో ఉండే కుట్టుమిషను అక్కయ్య పోయిందని. "మీకు బాగా తెలిసినావిడే కదండీ, ఆ మూగావిడ" అన్నాడు ఫోను చేసినతను. అవునన్నాను.

ఆవిడకు పేరుంది. రేషను కార్డులో ఉంది, ఓటరు కార్డులో ఉంది. పిలిస్తే వినపడని మనిషికి పేరెందుకనుకున్నారో ఏమో, వీధిలో దాన్ని ఎవరూ వాడలేదు. నేను అక్కయ్యా అనేవాణ్ణి. వినపడదని తెలిసీ అనేవాణ్ణి. నా పెదవులు కదలడం చూసి నవ్వేది. ఇక్కడా ఆ పేరు రాయను. అక్కయ్య అనే రాస్తాను.

అక్కయ్య ఇంటి గేటుకు ఒక తాడు కట్టి ఉండేది. అది కిటికీలోంచి లోపలికి వెళ్లి, మిషను ఎదురుగా గోడకు వేలాడే ఎర్ర గుడ్డపీలిక దగ్గర ఆగేది. మనం గేటు దగ్గర తాడు లాగితే లోపల గుడ్డ ఊగేది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాళ్లు గేటు దబదబా బాదేవారు. అప్పుడు మేమే ఎదురింట్లోంచి కేకేసి చెప్పేవాళ్లం, "తాడు లాగండి, తాడు!" అని.

మిషను మీద ఎడమ అరచెయ్యి ఆనించి కుట్టేది. సూది సరిగ్గా పడుతోందో లేదో ఆ అరచేతికి తెలిసేది. నూనె వెయ్యాల్సిన రోజు మనకి చప్పుడు వినపడకముందే ఆవిడ చేతికి అందేది.

ఆవిడ ఒక్కతే కాదు, చెల్లెలు కూడా పుట్టు చెవిటిదే. వాళ్ల చిన్నప్పుడు పేటలో అలాంటి పిల్లలకు బడి ఎక్కడుంది? ఇద్దరూ పెరట్లో ఆడుకుంటూ తమకంటూ ఒక చేతుల భాష కల్పించుకున్నారు. అది ఏ బడిలో నేర్పే సైగలూ కాదు. మనుషులందరికీ అందులో పేర్లుండేవి. రెండు వేళ్లు కళ్ల చుట్టూ గుండ్రంగా పెడితే అది నేను, కళ్లజోడువాణ్ణి. గడ్డం మీద చూపుడువేలు ఆనిస్తే చెల్లెలు, అక్కడ ఆ అమ్మాయికి పుట్టుమచ్చ ఉంది. వాళ్లమ్మ పోయినప్పుడు ఇద్దరూ కూర్చుని ఆవిడ చీరలన్నీ మడతపెట్టి బీరువాలో పెట్టారు. అప్పటినుంచి వాళ్ల భాషలో చావంటే చీర మడతపెట్టి దాచినట్టు చెయ్యడమే.

ఆ భాష పూర్తిగా తెలిసింది వాళ్లిద్దరికే. వాళ్లమ్మకు సగం వచ్చేది. ఎదురింట్లో పెరిగాను కాబట్టి నాకు పావు వంతు వచ్చేది.

తొంభైల్లో చెల్లెలికి పెళ్లయింది. విజయనగరంలో రైసు మిల్లులో పనిచేసే అతను. వినికిడి ఉన్నవాడే, నెమ్మదైనవాడు. చెల్లెలు రైలెక్కి వెళ్లిపోయింది. అక్కయ్య పెళ్లి చేసుకోలేదు. ఇద్దరికీ అంకెలు, సంతకం తప్ప చదువు రాదు. ఉత్తరం రాసుకోలేరు. ఇంటింటికీ ఫోన్లు వచ్చాయి, వాటితో వాళ్లకేం పని? ఏడాదికోసారి చెల్లెలు వచ్చి వారం రోజులుండేది. ఆ వారం అక్కయ్య మిషను తిరిగేది కాదు. ఇద్దరూ వంటింటి గడప దగ్గర ఎదురెదురుగా కూర్చునేవారు. మధ్యలో బియ్యం చేట ఉండేది. రాళ్లు ఏరేవాళ్లు మాత్రం ఉండేవారు కాదు. చేతులు ఖాళీగా ఉంటేగా!

రెండు వేల సంవత్సరం దాటాక నేను బజారులో నెట్ సెంటరు పెట్టాను. కొన్నాళ్లకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, కంప్యూటరుకు కెమెరాలు వచ్చాయి. దూరాన ఉన్నవాళ్లతో పిల్లలు కెమెరాలో మాట్లాడుకోవడం చూస్తుంటే నాకు అక్కయ్య గుర్తొచ్చింది. చెల్లెలి భర్తకు ఫోను చేశాను. వాళ్లింటి కిందే ఒక నెట్ సెంటరు ఉందన్నాడు.

మొదటిసారి తెర మీద చెల్లెలు కనపడగానే అక్కయ్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఒక్క క్షణం చూసి, ముద్ద కలిపినట్టు వేళ్లు తిప్పి, కనుబొమలెత్తింది. ఏం కూర అని. అవతల నుంచి దొండకాయ అని జవాబొచ్చింది. అక్కయ్య మొహం చిట్లించింది. ఇక గంటసేపు నా వైపు చూడలేదు.

వారానికి రెండుసార్లు వచ్చేది. కానీ నెట్ సెంటరు ఆవిడకు పడలేదు. ఆవిడ చేతులూ, మొహంలో మారే భావాలూ చూసి పక్క క్యాబిన్ల కాలేజీ కుర్రాళ్లు నవ్వేవారు. ఒకడు కుర్చీ ఎక్కి తొంగి చూశాడు. అక్కయ్య కొంగు చాటు చేసుకుంది. కొంగు పట్టుకోవడానికి ఒక చెయ్యి పోతే మాట్లాడటానికి ఒక్క చెయ్యే మిగిలింది. అది మనం నోరు మూసుకుని మాట్లాడటం లాంటిది.

ఆ తర్వాత రోడ్డు వెడల్పు పనుల్లో కేబుల్ తెగడం మొదలైంది. తెగినప్పుడల్లా వారాల తరబడి నెట్టు ఉండేది కాదు. వచ్చేవాళ్లు తగ్గిపోయి సెంటరు మూసేశాను. మూసేటప్పుడు ఒక పాత ల్యాప్‌టాప్ అక్కయ్యకు ఇచ్చి, ఇంటికే బ్రాడ్‌బ్యాండ్ పెట్టిద్దామని ఆవిణ్ణి తీసుకుని టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లాను. బ్రాడ్‌బ్యాండ్ కావాలంటే ముందు ఫోను ఉండాలన్నారు. సరే, ఫోనుకే దరఖాస్తు ఇచ్చాం. గుమాస్తా పెద్దాయన కాగితం చూసి, అక్కయ్యను చూసి, "ఏవమ్మా, నీకు ఫోనెందుకు?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగా అర్థం కాకే. ఆయన చూపులోనే అక్కయ్యకు ఆ మాట తెలిసిపోయింది. నా వైపు తిరిగి నవ్వింది. నిజమే కదా అన్నట్టు. మా వీధి చివరిదాకా కేబుల్ లేదని, రావడానికి చాలాకాలం పడుతుందని తర్వాత తేలింది.

అప్పుడే డేటా కార్డులు వచ్చాయి. వేలెడంత ప్లాస్టిక్ ముక్క, ల్యాప్‌టాప్ పక్కన గుచ్చితే చాలు. సెల్ టవరు నుంచే నెట్టు. ఫోను అక్కర్లేదు, వైరు అక్కర్లేదు, ఎవరి దయా అక్కర్లేదు. దాని కొసన చిన్న దీపం ఉండేది. ఎర్రగా ఉంటే సిగ్నల్ లేదని, పచ్చగా ఉంటే ఉందని. అక్కయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

ఇంట్లో ఎక్కడ పెట్టినా ఎర్రదీపమే. డాబా ఎక్కాక నీళ్ల డ్రమ్ము పక్కన పచ్చగా వెలిగింది. అక్కడే ఒక కుర్చీ, స్టూలు వేసుకుంది. కుర్చీకి గొడుగు కట్టింది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, చీర మార్చుకుని డాబా ఎక్కేది. పక్కింటి పిన్నిగారు చూసి "ఎవరింటికమ్మా పేరంటం?" అని నవ్వేవారు. అక్కయ్య గడ్డం మీద వేలు పెట్టి చూపించేది.

నెట్ సెంటరులోలా బొమ్మ గబగబా కదిలేది కాదు. రెండు మూడు సెకన్లకోసారి మారేది. మామూలుగా సైగ చేస్తే సగం కనపడి సగం మాయమయ్యేది. వారం తిరిగేసరికి అక్కయ్య ఉపాయం కనిపెట్టింది. ప్రతి సైగనూ చేసి, బొమ్మ అవతలికి చేరేదాకా చెయ్యి కదల్చకుండా ఆపేది. ముదురు రంగు గుడ్డ మీదైతే చేతులు బాగా కనపడతాయని ఇద్దరికీ రెండేసి నల్ల జాకెట్లు కుట్టి, చెల్లెలివి పార్సిల్ చేయించింది. కొన్ని నెలలకు మాతో మాట్లాడేటప్పుడు కూడా సైగ చేసి ఆగడం అలవాటైపోయింది. కొత్తవాళ్లు ఆవిడకేదో జబ్బు చేసిందనుకునేవారు.

మా డాబా మీదినుంచి చూస్తే ఎండలో గొడుగు కింద ఒకామె, ఎదురుగా చిన్న పెట్టె, గాలిలో నిలిచిపోయిన రెండు చేతులు. అలా ఏడాది పైనే గడిచింది. ఆవిడ బతుకులో అంత సంతోషంగా ఉన్న రోజులు నేనెరిగినంతలో అవే.

ఒక శుక్రవారం అక్కయ్య డాబా దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. గడ్డం మీద వేలు పెట్టింది. భుజం మీద జాకెట్టును రెండు వేళ్లతో పట్టి కిందికి జార్చి చూపించింది. చెల్లెలి జాకెట్టు వదులైందని. తను కుట్టిన జాకెట్టు, తన చేత్తో తీసుకున్న కొలతలు. ఆ ముక్కలు ముక్కల బొమ్మలో ఆ సంగతి ఇంకెవరికి కనపడుతుంది?

నేను తేలిగ్గా తీసుకున్నాను. ఆవిడ వదలకపోతే చెల్లెలి భర్తకు ఫోను చేశాను. "కాస్త నీరసంగా ఉంటోందండి, అంతే" అన్నాడు. అక్కయ్య ఒప్పుకోలేదు. డాక్టరుకు చూపించమని నాచేత మూడుసార్లు ఫోను చేయించింది. చూపిస్తే కడుపులో గడ్డ ఉందన్నారు. విశాఖపట్నంలో ఆపరేషను చెయ్యాలన్నారు.

ఆపరేషనుకు బయల్దేరే ముందు రోజు చెల్లెలు కెమెరా దగ్గరికి వస్తుందని ఆయన ఫోను చేసి చెప్పాడు. ఆ రోజే మా డాబాల మీద దీపం ఎర్రగా ఉండిపోయింది. డ్రమ్ము ఈ పక్కా ఆ పక్కా అన్నీ ప్రయత్నించాం. అక్కయ్య నా చొక్కా పట్టుకుని లాగింది. ఆటో మాట్లాడుకుని చిల్లకల్లు వెళ్లాం. అక్కడ హైవే మీద టవరుంది, దాని ఎదురుగా టీ కొట్టు ఉంది. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరవగానే పచ్చదీపం వెలిగింది.

చెల్లెలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన పదేళ్ల కూతురు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెలి మెడ ఎముకలు కనపడుతున్నాయి. అక్కయ్య ముందు అది చూడనట్టు నటించింది. ఏం కూర అని అడిగింది. గంజి అంది చెల్లెలు. లారీ డ్రైవర్లు నలుగురు టీ గ్లాసులతో వచ్చి చుట్టూ మూగారు. "ఏంది సార్, సినిమా తీస్తున్నారా?" అన్నాడొకడు. టీ కొట్టు ఆవిడ గరిటె ఎత్తి గదమాయించింది. "ష్, మాట్లాడకండయ్యా! అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుంటుంటే!" అంది. నలుగురూ నిజంగానే గొంతులు తగ్గించారు. ఆ ఇద్దరికీ ఏ చప్పుడూ వినపడదని అక్కడెవరికీ తట్టలేదు.

అక్కయ్య అడిగింది, నేను రానా అని.

ఆ జవాబు ఎలా ఉంటుందో చెప్పాలి. వాళ్ల భాషలో రమ్మనడమంటే చెయ్యి ముందుకు చాచి గుండెల దాకా తెచ్చుకోవడం. రావద్దనడం కూడా అలాగే మొదలవుతుంది. చెయ్యి గుండెల దాకా వచ్చి, అక్కడ తిరగబడి, అరచెయ్యి బయటికి నెడుతుంది.

చెల్లెలు చెయ్యి చాచింది. గుండెల దాకా తెచ్చుకుంది. బొమ్మ అక్కడ నిలిచిపోయింది.

మేం ఎదురుచూశాం. బొమ్మ మారలేదు. దీపం ఎర్రబడింది. కార్డు తీసి మళ్లీ గుచ్చాను, అక్కయ్య తెర మీద చెల్లెలి చేతినే చూస్తూ కూర్చుంది. కాసేపటికి బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది.

అప్పుడు నా వైపు తిరిగింది. గడ్డం మీద వేలు పెట్టి, అరచేతులు విప్పింది. ఏమంది?

ఆ రోజు శనివారం. సోమవారం నేను నందిగామలో సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగంలో చేరాలి. సెంటరు మూసేశాక నాకు దొరికిన మొదటి పని అది. అక్కయ్య ఎప్పుడూ ఒంటరిగా రైలెక్కలేదు. ఆవిడ విశాఖపట్నం వెళ్లాలంటే నేను తీసుకెళ్లాలి. ఇదంతా నాకు ఆ క్షణాన గుర్తొచ్చింది. గుర్తు రాలేదని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను గానీ, వచ్చింది.

చెల్లెలి భర్తకు ఫోను చేశాను. అతను మిల్లులో ఉన్నాడు. "ఇప్పుడు వచ్చి ఏటి చేస్తారండి? పెద్ద ఆపరేషను కాదన్నారు. బాగయ్యాక మేమే తీసుకొస్తాం" అన్నాడు. నెట్ సెంటరులో తన భార్య ఏమందో అతనికెలా తెలుస్తుంది? పక్కనున్న కూతురిని అడిగి చెప్పమనాలని నాకు తట్టలేదు.

నేను చెయ్యి చాచి, గుండెల దాకా తెచ్చి, తిప్పి, బయటికి నెట్టాను. రావద్దంది.

అక్కయ్య నా చేతిని చూసింది. తర్వాత నా మొహం చూసింది. తల ఊపి, ల్యాప్‌టాప్ మూసి చీర కొంగుతో దుమ్ము తుడిచింది.

బుధవారం మధ్యాహ్నం నందిగామ షాపులో ఒక మాష్టారికి డేటా కార్డు చూపిస్తున్నాను. "ఇంటికి వైరు లాగక్కర్లేదండి, ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు" అంటుండగా నా సెల్ మోగింది. ఆపరేషను తర్వాత చెల్లెలు కళ్లు తెరవలేదని, పొద్దున పోయిందని చెప్పాడు ఆమె భర్త. ఏడుస్తున్నాడు. "ఆవిడకి మీరే చెప్పాలండి" అన్నాడు.

బస్సెక్కి పేట వచ్చాను. గేటు దగ్గర నిలబడి తాడు లాగాను. అక్కయ్య మెడలో టేపుతో బయటికి వచ్చింది. పని రోజున నన్ను చూసి ఆశ్చర్యపోయింది. నోటితో చెప్పే వార్త అయితే ముందు నాలుగు మాటలు చెప్పి మెల్లగా అసలు మాటకు వస్తాం. నాకు వచ్చిన పావు వంతు భాషలో ఆ నాలుగు మాటలు లేవు. గడ్డం మీద వేలు పెట్టాను. తర్వాత లేని చీరను మడతపెట్టాను.

నా చేతులు తప్పు చెప్పాయనుకుందో ఏమో, రెండూ గట్టిగా పట్టుకుని ఆపేసింది. వదిలాక, మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

మేం విజయనగరం చేరేసరికి దహనం అయిపోయింది. అక్కయ్య ఒక మూల కూర్చుంది. చుట్టాలు వచ్చి ఆవిడ ముందు నోరు కదిపి వెళ్లేవారు. సాయంత్రం ఆ పదేళ్ల పిల్ల వచ్చి పెద్దమ్మ ఎదురుగా కూర్చుని చేతులు కదపడం మొదలుపెట్టింది. నేను నిలబడిపోయాను. అవే సైగలు, నాకు రానివి కూడా. తల్లితో మరే భాషలో మాట్లాడుతుంది ఆ పిల్ల?

మర్నాడు పెరట్లో ఆ పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. "ఆ రోజు నెట్‌లో పెద్దమ్మ రానా అంటే అమ్మ ఏమందమ్మా?"

"రమ్మందండి" అంది. "బొమ్మ ఆగిపోయాక కూడా చాలాసార్లు రమ్మంది."

ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఈ సంగతి పెద్దమ్మకు చెప్పకమ్మా" అన్నాను. ఎందుకని అడగకుండా తలూపింది.

ఆ తర్వాత అక్కయ్య డాబా ఎక్కడం మానేసింది. గొడుగు అక్కడే ఎండకు ఎండి చిరిగిపోయింది. నేను కాపురం నందిగామకు మార్చినా ఆదివారాలు పేట వెళ్లేవాణ్ణి. నన్ను చూడగానే కాఫీ పెట్టేది. ఎదురుగా కూర్చుని వీధి కబుర్లు చెప్పేది. ఎవరి జాకెట్టు ఎంత బిగుతైందో, ఎవరి మొగుడు తాగి కాలవలో పడ్డాడో. నా పావు వంతు భాష ఆ ఆదివారాల్లోనే సగమైంది. వేసవి సెలవుల్లో చెల్లెలి కూతురు వచ్చేది. వాళ్లిద్దరూ చేతులతో మాట్లాడుకుంటుంటే నా కాఫీ సహించేది కాదు. పిల్ల చెప్పేస్తుందేమోనని వాళ్ల వేళ్లనే చూస్తూ ఉండేవాణ్ణి.

ఒకసారి నేనే చెప్పేద్దామనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, గడ్డం మీద వేలు పెట్టి, చెయ్యి చాచాను. గుండెల దాకా తెచ్చుకునేలోపే అక్కయ్య నా చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది. కాఫీ చల్లారిపోతోందని గ్లాసు చూపించింది. పాత దుఃఖం గుర్తు చెయ్యొద్దంటోందని అర్థం చేసుకున్నాను. నాకు అదే సౌకర్యంగా ఉంది.

మొన్న ఫోను వచ్చాక పేట వెళ్లాను. చెల్లెలి కూతురు విజయనగరం నుంచి వచ్చి అన్నీ దగ్గరుండి జరిపించింది. ఇప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి. అందరూ వెళ్లిపోయాక అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"అమ్మా, నీకు నేనొకటి చెప్పొద్దన్నాను, గుర్తుందా?" అన్నాను. "చిన్నపిల్లవి. నీ మీద ఆ బరువు పెట్టకూడదు. పెద్దమ్మకు తెలియకుండానే పోయింది, ఇక ఆ సంగతి మర్చిపో."

ఆమె గేటుకు కట్టిన తాడు వైపు చూసింది.

"పెద్దమ్మకి తెలుసు మావయ్యా. మీరు చెప్పొద్దన్న రోజు సాయంత్రమే అడిగింది. చెప్పేశా."

"మరి నాతో ఒక్కసారీ..."

"తనకి తెలిసిందని మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఎందుకు పెద్దమ్మా అనడిగా. తమ్ముడికి తెలిస్తే సిగ్గుపడి ఇంక మనింటికి రాడు, ఊళ్లో నాతో మాట్లాడేది వాడొక్కడే అంది."